ఒకే డాన్స్ ఫ్లోర్ మీద గే, స్ట్రెయిట్ జనం: హౌస్ నైట్ నడపడం ఎలా

ఏ నగరంలో చూసినా స్ట్రెయిట్ జనమే ఎక్కువ. అందుకే తలుపులు బార్లా తెరిచి "అందరూ రండి" అని పిలిచినంత మాత్రాన జనం కలవరు. ఎక్కువమంది తక్కువమందిని గోడవారకు నెట్టేస్తారు. కావాలని కాదు, తమకు తెలియకుండానే నెడతారు. మూడు నాలుగు నెలలు తిరిగేసరికి గే జనం రావడం మానేస్తారు, మీది కూడా మామూలు క్లబ్బుల్లో ఒకటైపోతుంది.

కాబట్టి మొదట వరస ఖాయం చేసుకోండి: క్వీర్ జనం, అంటే గేలు, లెస్బియన్లు, ట్రాన్స్ మనుషులు, ఇంటివాళ్లు, స్ట్రెయిట్ జనం చుట్టాలు. చుట్టాన్ని ఎంత ఆదరంగా చూసినా దీపం ఎక్కడ పెట్టాలో చెప్పేది ఇంటివాళ్లే. టికెట్లు, తలుపు, పాట, వెలుతురు, టాయిలెట్ బోర్డు, కింద చెప్పేవన్నీ ఆ వరస చెడిపోకుండా చూసుకోవడానికే.

హౌస్, అంటే డిస్కోలోంచి పుట్టి క్లబ్బుల్లో డీజేలు వాయించే డాన్స్ సంగీతం, ఈ వరసలోనే పెరిగింది. 1970లో న్యూయార్క్‌లో డేవిడ్ మాన్‌కూసో తన ఇంట్లో మొదలుపెట్టిన లాఫ్ట్ పార్టీలకు పిలుపు అందినవాళ్లే వెళ్లేవారు. అక్కడ మద్యం అమ్మేవారు కాదు. రకరకాల మనుషులు ఒక గదిలో కలవగలిగారంటే ఎవరో ఒకరు వాళ్లను చూసి, ఎంచి పిలిచారు కనుకే. 1977లో షికాగోలో క్లబ్బుగా తెరిచిన వేర్‌హౌస్‌లో డీజే ఫ్రాంకీ నకిల్స్ వాయించింది ప్రధానంగా నల్లజాతి, లాటినో గే యువకుల కోసం. స్ట్రెయిట్ కుర్రకారు తర్వాత వచ్చి చేరింది. ఆ మధ్యలో, 1979 జూలై 12న, అదే నగరంలోని కామిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో వేలమంది కేరింతల నడుమ డిస్కో రికార్డులను పేల్చేశారు. ఆ సంగీతాన్ని కాపాడుకుని హౌస్‌గా మలిచిన జనం ఎవరో తెలిస్తే, ఫ్లోర్ మధ్యలో చోటు ముందు ఎవరికి ఇవ్వాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడి లెక్కలు 300 మంది పట్టే, ఒకే డాన్స్ ఫ్లోర్ ఉన్న క్లబ్బులో, నెలకోసారి, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 దాకా జరిగే పార్టీకి వేసినవి. మీ చోటు చిన్నదైతే అదే నిష్పత్తిలో తగ్గించుకోండి.

ఆరు వారాల ముందు: జట్టు, చోటు

నిర్ణయాలు తీసుకునేవాళ్లలో సగానికి పైగా క్వీర్ మనుషులుండాలి. అందరూ గే మగవాళ్లే అయితే సరిపోదు. లెస్బియన్లు, ట్రాన్స్ మనుషులు జట్టులో లేని పార్టీకి వాళ్ల స్నేహితులూ రారు. అలాంటి రాత్రి "గే మగవాళ్లు, వాళ్లతో వచ్చిన స్ట్రెయిట్ అమ్మాయిలు" అనే రెండే రకాల జనంతో ఆగిపోతుంది.

అడ్వాన్స్ ఇవ్వకముందే క్లబ్ యజమానితో ఐదు విషయాలు కాగితం మీద పెట్టించుకోండి. తలుపు దగ్గర ఎవరిని పంపాలో, ఎవరిని వెనక్కి పంపాలో తేల్చేది మీ మనిషి. బౌన్సర్లు పని మొదలుపెట్టే ముందు అరగంట మీరు చెప్పేది వింటారు. టాయిలెట్ బోర్డులు ఆ రాత్రికి మారతాయి. ఫ్లోర్ పక్కన వీఐపీ టేబుళ్లు ఉండవు. క్లబ్ ఫొటోగ్రాఫర్ రాడు. మొదటిదానికి ఒప్పుకోకపోతే మిగతా నాలుగూ దండగ, వేరే చోటు చూసుకోండి. యజమాని స్నేహితులకు కూడా లెక్క పెట్టండి: 10 మంది, ముందు తలుపు నుంచే, అందరూ విన్న మాటలే విని లోపలికి. ఈ ఒక్క వాక్యం రాయించుకోనందుకు అర్ధరాత్రి వెనక తలుపులోంచి ఇరవైమంది మగాళ్ల గుంపు దిగిన పార్టీలు చాలా ఉన్నాయి.

వారంలో ఏ రోజన్నది కూడా ముఖ్యమే. శుక్ర, శనివారాల్లో దారినపోయే జనం ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు బుధవారమో గురువారమో ఆదివారమో మంచిది. పనిగట్టుకుని వచ్చేవాళ్లే వస్తారు. మాంచెస్టర్‌లోని హసియెండా క్లబ్బులో 1991లో మొదలైన ఫ్లెష్ అనే గే రాత్రి బుధవారమే జరిగేది, నెలకోసారి. మామూలు రోజుల్లో ఆ క్లబ్బుకు స్ట్రెయిట్ జనమే ఎక్కువ. ఆ ఒక్క రాత్రి మాత్రం ఇల్లు చేతులు మారేది.

నాలుగు వారాల ముందు: పిలుపు, టికెట్లు

పోస్టర్ మీద "అందరికీ స్వాగతం" అని మాత్రమే రాస్తే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు. "ఇది క్వీర్ పార్టీ. స్ట్రెయిట్ స్నేహితులకు స్వాగతం" అని రాయండి. ఆ వరసలోనే రాయాలి. బొమ్మలో చొక్కాల్లేని మగవాళ్లను మాత్రమే పెడితే ఆడవాళ్లు తమ కోసం కాదనుకుంటారు. ఇంద్రధనుస్సు రంగులు, కాక్‌టెయిల్ గ్లాసు పెడితే పెళ్లికి ముందు పార్టీ చేసుకునే గుంపులు వస్తాయి. డీజే పేరు, సమయం, ఒక మంచి అక్షరాల బొమ్మ చాలు.

300లో మీ జట్టు, డీజేలు, బార్ మనుషులు కలిపి 20 అనుకోండి. వాళ్లనూ లెక్కలో వేయాలి. అది మరిచిపోయినవాళ్లు ఒంటిగంటకు తలుపు మూసేసి, ఆలస్యంగా వచ్చిన తమ సొంత జనాన్నే బయట నిలబెట్టాల్సి వస్తుంది. మిగిలిన 280ని నాలుగు విడతలుగా అమ్మండి.

మొదటి 110: క్వీర్ సంఘాలు, స్నేహ బృందాలు, డ్రాగ్ కళాకారులు (ఆడవేషమో మగవేషమో కట్టి ఆడిపాడేవాళ్లు), పాత అతిథులు. వీళ్లకు విడిగా లింకు పంపి వారం రోజులు గడువివ్వండి.
తర్వాతి 80: మొదటి విడతలో కొన్నవాళ్లు తలా ఒకరిని తెచ్చుకోవచ్చు, అయిపోయేదాకా.
ఆ తర్వాత 50: బహిరంగ అమ్మకం, మనిషికి రెండే.
తలుపు దగ్గర 40: ఇందులో 10 యజమాని మనుషులకు.

ఈ నాలుగింటిలో రెండో విడతే అసలైన పని చేస్తుంది. క్వీర్ స్నేహితుడి వెంట వచ్చిన స్ట్రెయిట్ మనిషి ఎలా మసలుకోవాలో దారిలోనే తెలుసుకుంటాడు. తప్పుచేస్తే తలదించుకోవాల్సింది స్నేహితుడి ముందు. గుంపులుగా వచ్చినవాళ్లకు ఆ బెరుకు ఉండదు, ఎనిమిదిమంది కలిసి వస్తే తమ గదిని తమతోనే మోసుకొస్తారు. అందుకే నలుగురికి మించిన గుంపును తీసుకోకండి. తలుపు దగ్గర 40 ఉంచడానికి కారణం వేరు: క్వీర్ జనంలో చాలామంది ఆ సాయంత్రం వరకూ తేల్చుకోరు. ఇంట్లో చెప్పలేకో, ఏ బట్టల్లో బయల్దేరాలో తెలియకో, తోడు దొరక్కో. అన్నీ ముందే అమ్మేస్తే అలాంటివాళ్లకు చోటుండదు.

ధర అందరికీ ఒకటే పెట్టండి. "అమ్మాయిలకు ఉచితం" అన్నారంటే వాళ్లను ఎరగా వేసినట్టే, వాళ్ల వెనక వేటకొచ్చే మగాళ్లు వస్తారు. పైగా ఒక ట్రాన్స్ మహిళ ఆడో కాదో తేల్చే పని బౌన్సర్ చేతిలో పెట్టినట్టవుతుంది. "జంటలకే ప్రవేశం" అన్నారంటే ఇద్దరు మగవాళ్లు చేతులు పట్టుకుని వచ్చినా జంట కాదనే క్లబ్ అవుతుంది. ఈ రెండు నియమాలూ ఉన్నచోట మిగతా ఏర్పాట్లు ఎన్ని చేసినా నిలవవు. మొదటి విడతలో 20 టికెట్లు సగం ధరకు ఉంచండి. అడిగినవాళ్లకు ఇవ్వండి, రుజువు అడక్కండి.

"నువ్వు గేనా?" అని ఎవర్నీ ఏ దశలోనూ అడగకూడదు. చాలా దేశాల్లో లైంగికత చూసి మనిషిని ఆపడం చట్టవిరుద్ధం కూడా. మీరు ఎంచేది పిలుపు వరసతో, ప్రవర్తనతో.

టికెట్ జాబితా విషయంలో జాగ్రత్త. అది బయటపడితే ఎవరెవరు క్వీరో ఊరంతటికీ చెప్పే కాగితం. పేరు బదులు నంబరుతో నడిచే టికెట్ వాడండి, జాబితా ఇద్దరి దగ్గరే ఉంచండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. బ్యాంకు స్టేట్‌మెంట్లో పార్టీ పేరు కాకుండా ఏదైనా మామూలు పేరు కనపడేలా చూడండి. ఇంట్లోవాళ్లతో కలిసి ఖాతా ఉన్నవాళ్లకు ఇది ప్రాణంతో సమానం.

మూడు వారాల ముందు: డీజేలు, పాట

జనాన్ని ఎంచడంలో తలుపు తర్వాత పాటదే పై చేయి. గంటకొకరు చొప్పున ఏడుగురు డీజేలను పెట్టకండి. ఒక్కొక్కరు తమ గంటలోనే జనాన్ని ఊపేయాలని చూస్తారు, అందరూ పదకొండింటికే గేరు మార్చేస్తారు. ఇద్దరు చాలు, ఒక్కొక్కరికి మూడున్నర గంటలు. ఇద్దరిలో ఒకరైనా క్వీర్ మనిషి అయి ఉండాలి, అర్ధరాత్రి దాటాక నడిపేది వాళ్లే కావాలి. "వార్మప్" గంటలు మాత్రమే క్వీర్ డీజేకిచ్చి, ముఖ్యమైన గంటలు పేరున్న స్ట్రెయిట్ డీజేకిస్తే ఆ సంగతి జనానికి ఇట్టే అర్థమవుతుంది.

వేగం ఇలా ఎక్కించండి. 10 నుంచి 11:30 దాకా నిమిషానికి 112–118 బీట్లు. 1:30 దాకా 120–122. అక్కణ్నుంచి 4 దాకా 123–126. ఆఖరి గంట మళ్లీ 118–120, ఎక్కువగా గొంతున్న పాటలు. 128 దాటితే చేతులు పైకి లేస్తాయి, కానీ నడుము ఆగిపోతుంది. ఒకరినొకరు చూసుకుని చేసే డాన్స్ పోయి అందరూ డీజే వైపు తిరిగి గెంతుతారు. గొంతున్న పాటలు, ముఖ్యంగా చర్చి పాటల ఛాయలున్న ఆడగొంతులు, పియానో ఉన్నవి సెట్ మధ్యలో ప్రతి మూడు నాలుగు పాటలకు ఒకటైనా రావాలి. అందరికీ నోటికి వచ్చిన పాట అపరిచితులను కలుపుతుంది. వట్టి డ్రమ్ములతో గంటలు గంటలు సాగే సెట్ తల వంచుకుని నిలబడేవాళ్లకు బాగుంటుందేమో కానీ, కలవడానికి వచ్చినవాళ్లకు కాదు.

మిక్స్, అంటే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి మారడం, నిదానంగా చేయమని చెప్పండి. 124 బీట్ల వేగంలో 32 బార్లకు (బార్ అంటే నాలుగు బీట్లు) 62 సెకన్లు పడుతుంది. పాట మార్పు కనీసం అంతసేపు సాగితే ఫ్లోర్ మీదివాళ్లు బయటికి పోరు. పాటలు కోరుకునే చీటీలు తీసుకోవద్దు. సినిమా హిట్ ఒక్కటి వేస్తే రెండు నిమిషాల్లో ఫ్లోర్ మీద మనుషులే మారిపోతారు, ఆ మారినవాళ్లు మళ్లీ అదే అడుగుతారు.

ఆ రోజు మధ్యాహ్నం: గది సర్దడం

డీజే బూత్‌ను వేదిక మీంచి దింపి ఒక పక్కన నేల మట్టానికి పెట్టండి. బూత్ ఎత్తులో ఎదురుగా ఉంటే అందరి ముఖాలు అటే తిరుగుతాయి. అప్పుడు పక్కన ఎవరున్నారో ఎవరికీ పట్టదు. స్పీకర్లు నాలుగు మూలలా పెట్టి లోపలికి తిప్పితే మధ్యలో చోటు దానంతటదే ఏర్పడుతుంది.

ఫ్లోర్ చుట్టూ కుర్చీలు, నిలబడే టేబుళ్లు తీసేయండి. గ్లాసు పెట్టుకునే చోటుంటే నిలబడి చూసేవాళ్లు తయారవుతారు. ఈ మొత్తంలో అందరికన్నా ఎక్కువ చెరుపు చేసేది చూడ్డానికి వచ్చినవాళ్లే. తిట్టనక్కర్లేదు, తాకనక్కర్లేదు, గ్లాసు పట్టుకుని పదిమంది వరసగా నిలబడి చూస్తుంటే ముద్దుపెట్టుకోబోయిన ఇద్దరు అబ్బాయిలు ఆగిపోతారు. పై అంతస్తులోంచి కిందికి చూసే వరండా ఉంటే తాడు కట్టి మూసేయండి.

ధ్వని: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. అన్నిటికంటే గట్టిగా వినపడే చోట మీటరు పెట్టి 98 దగ్గర ఆపండి. ఇయర్‌ప్లగ్‌లు 200 జతలు తలుపు దగ్గర ఉచితంగా ఉంచండి. బార్ దగ్గర మాత్రం గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి. ఇది సౌకర్యం కోసం చెబుతున్నది కాదు. మాట వినపడని చోట చెయ్యి మాట్లాడుతుంది. "డాన్స్ చేద్దామా" అని అడగలేని చోట నడుం పట్టుకుని లాగడం మొదలవుతుంది.

వెలుతురు: ఫ్లోర్ మధ్యలో ముఖం కనీకనపడని ఎరుపు, అంచుల్లో, మెట్ల దగ్గర, టాయిలెట్ దారిలో మనిషి గుర్తుపట్టేంత వెలుగు. స్ట్రోబ్ (టపటపా మెరిసే దీపం) వాడితే సెకనుకు 4 మెరుపులు దాటనివ్వకండి, పోస్టర్ మీదా తలుపు దగ్గరా ముందే చెప్పండి. పొగ యంత్రం కంటే సన్నటి మంచులా పరుచుకునే హేజర్ మేలు. ఏది వాడినా పొగ అలారం సంగతి క్లబ్ వాళ్లతో మధ్యాహ్నమే పరీక్షించుకోండి.

టాయిలెట్లకు "ఆడ", "మగ" బోర్డులు తీసి "తలుపున్న గదులు మాత్రమే", "గదులు, యూరినల్స్" అని పెట్టండి. లోపల ఏముందో చెబితే చాలు, ఎవరు ఎక్కడికి వెళ్లాలో వాళ్లే తేల్చుకుంటారు. రెండో బోర్డున్న వైపే క్యూ చిన్నది కాబట్టి స్ట్రెయిట్ అమ్మాయిల గుంపులు అటు దూరి అద్దాల దగ్గర ఫొటోలు మొదలుపెడతాయి. దారిలో ఒక మనిషిని నిలబెట్టండి.

మంచినీళ్లు ఉచితంగా, బార్‌కు దూరంగా. నీళ్ల కోసం బార్ క్యూలో నిలబడాల్సి వస్తే తాగనివాళ్లు రెండింటికే ఇంటికి పోతారు.

తలుపు దగ్గర

ఇక్కడ ముగ్గురు కావాలి: మాట్లాడే మనిషి ఒకరు, బౌన్సర్లు ఇద్దరు. మాట్లాడే మనిషి మీ జట్టులోని క్వీర్ మనిషి, పాత అతిథులను ముఖం చూసి గుర్తుపట్టగలవాళ్లు. కళ్లకింపుగా తయారైనవాళ్లను ఎంచడం వీళ్ల పని కాదు. బట్టలు చూసి పంపే తలుపు డబ్బున్నవాళ్లను ఎంచుతుంది, అంతే.

ప్రతి ఒక్కరికీ, పాతవాళ్లకు కూడా, ఇరవై సెకన్లలో ఇదే చెప్పాలి: "ఇది క్వీర్ పార్టీ. లోపల ఫొటోలు లేవు. అడక్కుండా ఎవర్నీ తాకకూడదు. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి డాన్స్‌కు పిలిస్తే, ఇష్టం లేకపోతే ‘వద్దు, థాంక్స్’ అంటే చాలు. సరేనా?" అని ఆగి, సరే అనేదాకా చూడాలి. ఆ ఆగడం ముఖ్యం. మొహం చిట్లించినవాళ్లు, పక్కవాళ్లను మోచేత్తో పొడిచి నవ్వినవాళ్లు అక్కడే బయటపడతారు. అనుమానం వస్తే ఇంకో రెండు ప్రశ్నలు: "ఎవరు పిలిస్తే వచ్చారు?", "ఈ రాత్రి ఎవరు వాయిస్తున్నారో తెలుసా?" రెండింటికీ జవాబు లేకపోయినా నేర్చుకుందామని వచ్చినవాళ్లుంటారు, వాళ్లను పంపండి. "ఇక్కడ అమ్మాయిలు ఎక్కువుంటారట కదా" అన్నవాళ్లను పంపకండి.

వెనక్కి పంపేటప్పుడు వాదన వద్దు, అవమానం అసలే వద్దు. "ఈ రాత్రికి కుదరదండీ" అని టికెట్ డబ్బు అక్కడే తిరిగివ్వండి. క్యూలో ఉన్న మిగతావాళ్లు మిమ్మల్ని చూస్తూనే ఉంటారు.

బౌన్సర్లకు అరగంటలో చెప్పాల్సినవి ఇవి. గుర్తింపు కార్డులో వయసు చూడండి, పేరు పైకి చదవకండి. కార్డులో ఉన్న పేరుకూ ఎదురుగా ఉన్న మనిషికీ పొంతన లేకపోవచ్చు, అది మోసం కాదు. వెతికేటప్పుడు "ఎవరు చూస్తే మీకు ఇబ్బంది ఉండదు?" అని అడగండి. అందుకే ఇద్దరు బౌన్సర్లలో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. మగవాళ్లను "బ్రదర్" అని, ఆడవాళ్లను "మేడం" అని పిలిచే అలవాటును ఆ రాత్రికి పక్కనపెట్టి "నమస్కారం, రండి" అనండి.

ఫోన్ కెమెరాల మీద స్టిక్కర్లు వేయండి. 2004లో తెరిచిన బెర్లిన్‌లోని బెర్గ్‌హైన్ క్లబ్ ఇది పాటిస్తుంది. ఇప్పటి ఫోన్లకు వెనక మూడు నాలుగు లెన్సులుంటాయి కాబట్టి వెనక్కి 40 మిల్లీమీటర్లది, ముందుకు 15 మిల్లీమీటర్లది కావాలి. ఒక్కోటి 400 తెచ్చుకోండి. చెమటకు ఊడేవి ఉంటాయి, పొగతాగడానికి వెళ్లినప్పుడు పీకేవాళ్లూ ఉంటారు. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ చూడాలి. ముసుగు తీయకుండా బతికే మనిషికి ఒక్క వీడియో చాలు ఉద్యోగం పోవడానికో, ఇల్లు వదలాల్సి రావడానికో. స్ట్రెయిట్ అతిథి సరదాగా తీసుకున్న సెల్ఫీలో వెనక ఎవరున్నారో అతనికి తెలియదు.

మొదటి తొంభై నిమిషాలు

ఖాళీ ఫ్లోర్‌ను మొదట ఎవరు ఆక్రమిస్తే ఆ రాత్రి వాళ్లది. అందుకే మొదటి విడత టికెట్లకు 10 గంటలకు, బహిరంగంగా కొన్నవాళ్లకు 11:30కు తలుపు తీయండి. ఆ సంగతి టికెట్ మీదే రాయండి. ముందొచ్చిన వందమంది మధ్యలో కుదురుకున్నాక వచ్చిన స్ట్రెయిట్ జంట, అప్పటికే నడుస్తున్న పద్ధతిలో చేరుతుంది. తిరగేస్తే అరవైమంది స్ట్రెయిట్ జనం ఉన్న ఫ్లోర్‌లోకి వచ్చిన గే జంట, చేతులు విడిచేసి బార్ వైపు నడుస్తుంది.

గది చల్లగా, ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో దిగడానికి అందరికీ బెరుకే. డ్రాగ్ కళాకారులో, మంచి డాన్సర్లో నలుగురైదుగురికి డబ్బిచ్చి 10:30 నుంచి ఫ్లోర్ మీద ఉండమనండి. వేదికెక్కి ప్రదర్శన ఇవ్వమని కాదు, జనంలో కలిసి డాన్స్ చేయమని. ప్రదర్శన పెట్టారంటే మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు.

ఫ్లోర్ హోస్టులు, వచ్చే తగువులు

300 మందికి ఐదుగురు: ఫ్లోర్ మీద ఇద్దరు, టాయిలెట్ దారిలో ఒకరు, పొగతాగే చోట ఒకరు, అందరినీ చూసుకునే పెద్ద ఒకరు. చీకట్లో కనపడే రంగు పట్టీ చేతికి కట్టుకోవాలి, ఆ రాత్రి తాగకూడదు, తొంభై నిమిషాలకోసారి చోటు మార్చుకోవాలి. కనీసం ఇద్దరు ఆడవాళ్లుండాలి.

తగువులు దాదాపు ఎప్పుడూ ఇవే. స్ట్రెయిట్ అమ్మాయి గే అబ్బాయి ఛాతీ మీద చెయ్యి వేస్తుంది, "నీకెలాగూ నేను పట్టను కదా" అంటుంది. గే అబ్బాయి అమ్మాయి నడుం పట్టుకుంటాడు, అదే మాట తిరగేసి చెబుతాడు. రెండూ తప్పే. రెండోదాన్ని మనవాళ్లేలే అని వదిలేస్తే ఆడవాళ్లు రావడం మానేస్తారు. ముద్దుపెట్టుకుంటున్న ఇద్దరమ్మాయిల పక్కకు ఒక మగాడు చేరి నేనూ ఉంటానంటాడు. ఇతన్ని హెచ్చరించక్కర్లేదు, బయటికి పంపేయండి. ట్రాన్స్ మనిషిని ఒంటి గురించి ప్రశ్నలు అడిగేవాళ్లుంటారు. చాలామంది తెలియక అడుగుతారు, ఒకసారి చెబితే సిగ్గుపడతారు.

ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు ఫిర్యాదు చేసినవాళ్లను వెలుతురున్న చోటికి తీసుకెళ్లి "మీకేం కావాలి?" అని అడగండి. కొందరికి అవతలివాళ్లను దూరంగా ఉంచితే చాలు, కొందరికి బయటికి పంపాలి, కొందరికి నీళ్లిచ్చి పక్కన కూర్చుంటే చాలు. ఆ తర్వాతే అవతలి మనిషి దగ్గరికి. ఎవరు చెప్పారో అతనికి చెప్పకండి, ఫ్లోర్ మీద విచారణ పెట్టకండి. పక్కకు పిలిచి ఒక్కసారి హెచ్చరించండి. తాకడం బలవంతంగా జరిగితే ఆ ఒక్కసారి కూడా వద్దు. పంపేటప్పుడు కోటు, సంచీ మీరే తెచ్చి పక్క తలుపులోంచి పంపండి. సమయం, జరిగింది, ఎవరు చూసుకున్నారు అని మూడు ముక్కలు పుస్తకంలో రాసుకోండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు రాయకండి.

తూకం చెడుతున్నప్పుడు

మొదట తెలిసేది ఫ్లోర్ మీద కాదు, కోట్లు దాచే చోట. 12:30కే పాత అతిథులు కోట్లు తీసుకుంటుంటే లోపల ఏదో చెడింది. అక్కడ కూర్చునే మనిషికి చెప్పి ఉంచండి, అర్ధరాత్రి నుంచి ఒంటిగంట మధ్యలో పదిమంది తెలిసినవాళ్లు వెళ్లిపోతే వెంటనే కబురు చేయమని. మిగతా గుర్తులు: ఫ్లోర్ మధ్యలో ముద్దులు ఆగిపోవడం, గ్లాసులతో గుండ్రంగా నిలబడిన మగాళ్లు, క్వీర్ జనమంతా పొగతాగే చోటే గంటసేపు ఉండిపోవడం.

ఆ రాత్రికి చేయగలిగింది: తలుపు దగ్గర కొత్త అమ్మకం ఆపేసి, ఒకరు బయటికెళ్తే ఒకరు, అదీ మొదటి రెండు విడతల టికెట్లున్నవాళ్లే అనండి. డీజేకి కబురు పంపి వేగం రెండు బీట్లు తగ్గించి, మూడు గొంతు పాటలు వరసగా వేయమనండి. ఊపు కోసం వచ్చినవాళ్లు బార్‌కు వెళతారు, చోటు తెరుచుకుంటుంది. అప్పుడే ఆ నలుగురైదుగురు డాన్సర్లు పొగతాగే చోటికి వెళ్లి మనవాళ్లను చెయ్యి పట్టుకుని మధ్యలోకి తీసుకురావాలి. మైకులో ప్రకటన మాత్రం వద్దు. చుట్టాలను అందరి ముందు మందలిస్తే తప్పు చేయనివాళ్లు నొచ్చుకుని వెళ్లిపోతారు, చేసినవాళ్లు నవ్వుకుంటారు.

ముగింపు, ఆ తర్వాతి వారం

4:50కి ఆఖరి పాట చెప్పండి. దీపాలు ఒక్కసారిగా వేయకండి, పది నిమిషాల్లో మెల్లగా పెంచండి. చీకట్లో ధైర్యంగా ఉన్న ముఖానికి వెలుతురులోకి రావడానికి ఆపాటి సమయం కావాలి. బౌన్సర్లలో ఒకరు, హోస్టుల్లో ఒకరు మూసిన 45 నిమిషాల దాకా వీధిలోనే ఉండాలి. మేకప్‌తో, హీల్స్‌తో ఒంటరిగా కారు కోసం నిలబడిన మనిషికి ఆ రాత్రంతటిలో ప్రమాదకరమైన సమయం అదే. లోపల ఎన్ని ఏర్పాట్లు చేసి ఇక్కడ చేతులు దులుపుకుంటే వాళ్లు వచ్చే నెల రారు.

డబ్బు తిరిగివ్వాల్సినవి తేలాక, ఏడు రోజుల్లోపు జాబితా చెరిపేయండి. దాచుకునేది ఒక్క లెక్కే: మొదటి విడత 110లో ఎంతమంది నిజంగా వచ్చారు, ఎంతమంది మూడింటి దాకా ఉన్నారు. ఆ వచ్చినవాళ్ల లెక్క వరసగా రెండు నెలలు 60కి తగ్గితే టికెట్ ధర పెంచో, పెద్ద డీజేని పిలిచో సరిచేయాలని చూడకండి. అది కొత్త జనాన్ని తెస్తుంది, పోయినవాళ్లను కాదు. వేర్‌హౌస్ వ్యాపారం దారి పట్టాక 1980ల తొలి ఏళ్లలో ఫ్రాంకీ నకిల్స్ అక్కణ్నుంచి బయటికొచ్చి పవర్ ప్లాంట్ అనే సొంత క్లబ్ పెట్టుకున్నారు. మీరు చేయాల్సింది వేరు: బహిరంగ విడత 50ని పూర్తిగా ఆపి, వాటిని మొదటి విడతలో కలపండి. రాకుండా పోయినవాళ్లలో పదిమందిని వెతికి పట్టుకుని కారణం అడగండి, జవాబు చెప్పుకోకుండా వినండి.

అప్పటికీ కుదరకపోతే రాత్రులు రెండు చేయండి. న్యూయార్క్‌లో డీజే లారీ లెవాన్ వాయించిన పారడైజ్ గరాజ్ సభ్యత్వ కార్డులతో నడిచిన క్లబ్. 1987లో మూతపడేదాకా అక్కడ శుక్రవారం కలగలుపు జనానికి, శనివారం ప్రధానంగా గే మగవాళ్లకు. అదే సౌండ్ సిస్టమ్, అదే డీజే. మీరు కూడా ఒక నెల క్వీర్ జనానికి మాత్రమే పిలుపు పంపి, తర్వాతి నెల రెండో విడతను తెరవండి. ఆ 50 బహిరంగ టికెట్లను మాత్రం మొదటి విడత వారం గడువు లోపే అమ్ముడయ్యే రోజు వచ్చేదాకా బయటికి తీయకండి.